తుమ్మి మళ్లీ వస్తుంది

నిన్న మా అపార్ట్‌మెంట్ తోటమాలి క్రోటన్ల మధ్య మొలిచిన తుమ్మి మొక్కలన్నీ పీకేశాడు. ఆ ఘాటు వాసనకు నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది.

తిరుపతిలో మా పెరట్లో, బట్టలుతికే బండ పక్కన తుమ్మి ఉండేది. మీ ఇళ్లలోనూ ఉండేది కదా? శుభ్రం చేద్దామని ఒకరోజు మొత్తం పీకేశాను.

"ఏమే, రేపు సోమవారం! శివయ్యకు ఏం పూలు పెట్టేది?" అనింది అమ్మ. నేను ఏడ్చేశాను.

"ఏడవొద్దులే. విత్తనం మట్టిలోనే ఉండాది. వానొస్తే అదే వస్తాది."

వానకు తుమ్మి వచ్చింది. దాని వెంట తేనెటీగలూ వచ్చాయి.

తోటమాలితో అన్నాను: "ఈసారి మొలిస్తే పీకొద్దప్పా. దేవుడి పూలు."

"పిచ్చి మొక్కలనుకుంటి గదమ్మా!" అని నాలుక కరుచుకుని, అక్కడ జానెడు నేల వదిలిపెట్టాడు.

ఈ ఉదయం పూజ ముగించి, ఆ ఖాళీ నేలకు ఒక చెంబు నీళ్లు పోశాను.