ఆ మాట అనకుండా

ఈశ్వరి మేనమామ చంద్రమౌళి విజయనగరంలో బీమా ఏజెంటు. ఆయన ఇంటర్నెట్ ప్రకటనల పని చూసే ఈశ్వరి, జనం నిన్న ఏమేం వెతికి ఆ ప్రకటనలను నొక్కారో పొద్దున్నే తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంది. "మా ఆయనకి షుగరుంది, పాలసీ ఇస్తారా?" పక్కింట్లో చెప్పుకోని భయాలను మనుషులు వెతికే ఆ చిన్న గడిలో పెట్టి వెళతారని ఆమెకు రోజూ ఆశ్చర్యమే. ఆ రోజు "లారీ డ్రైవరుకి బీమా" అన్నది ఒక్క శృంగవరపుకోట నుంచే పదకొండుసార్లు ఉంది. ఫోను మాత్రం ఒక్కటీ రాలేదు.

"నొక్కినప్పుడల్లా నాకు డబ్బులు పోతన్నాయే. రేపటికి ఫోను రాకపోతే ఈ ప్రకటనలు కట్టేసి, నువ్వు ఇంటికెళ్లిపో" అన్నాడు చంద్రమౌళి. నొక్కినవాళ్లకు తెరుచుకునే పేజీ చూసింది ఈశ్వరి. పైన పెద్ద అక్షరాలతో "మీ భర్త మరణిస్తే పది లక్షలు" అని ఉంది. "ఇది సూసి ఏ ఆడమనిషి ఫోన్ సేస్తాది మావయ్యా? తథాస్తు దేవతలుండరేటి?" అని, ఆ వాక్యం తీసేసి "బండి నడిపేవారి పిల్లల చదువుకు భరోసా" అని పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది.

"అమ్మా, మాది శృంగవరపుకోట. మా ఇంటాయన లారీ మీద ఒరిస్సా ఎలతాడు. ఆ మాట అనకుండా పాలసీ అడగొచ్చా?"

"అనక్కర్లేదొదినా. ఆయన పేరు సెప్పండి."

"అమ్మో, పేరు నానెలా సెప్పనమ్మా! మా పాప సేత సెప్పిత్తానుండు."

అవతల ఓ చిన్న గొంతు బడిలో పాఠం అప్పజెప్పినట్టు తండ్రి పేరు పలుకుతుంటే, ఈశ్వరి కుర్చీలోంచి లేచి నిలబడి రాసుకుంది.