మావయ్య వీపు మీద మచ్చ

ఆ చివరి శనివారం కూడా మావయ్య ఎలుకలకు నీళ్లు పట్టి, బోనుల మీది దీపాలు ఆర్పి, చొక్కా విప్పి, ప్రయోగశాల మేడ మీద ఎండలో బోర్లా పడుకున్నాడు. కింద గదిలో ఆయన సాకే బొచ్చులేని ఎలుకలకు రోజూ ఎండలాంటి వెలుగు పట్టి, ఎన్నింటికి చర్మ క్యాన్సర్ వస్తుందో చూసేవారు. "వాటికొచ్చింది నీకు రాదా?" అంటే, "దాని చర్మం ఉల్లిపొర, నాది గేదె తోలు. పైగా దానికి తోకుంది" అనేవాడు. ఎలుకకు వచ్చిందని మనిషికీ వస్తుందని తేల్చలేం, అలాగని రాదనీ చెప్పలేం అనేది అక్కడి డాక్టరమ్మ. అందులో మొదటి సగమే మావయ్య చెవికెక్కేది.

రెండో సగం నాకెక్కింది. ఆయన కుడి భుజం వెనక మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉండేది. ప్రతి ఆదివారం వెళ్లి దానికి స్కేలు పెట్టి కొలిచేదాన్ని.

"పెరిగిందా?"

"లేదు. ఆ చొక్కా వేసుకుని పడుకోవచ్చుగా?"

"వచ్చే వారం మళ్లీ చూడవే. ఎలుక కూడా మొదట్లో బాగానే ఉంటుంది" అని నన్ను హడలగొట్టి, తీరిగ్గా కాఫీ కలిపేవాడు.

ఆ చివరి శనివారం గడిచిన మర్నాడు పొద్దున ఆయన గుండె ఆగిపోయింది. పాపం, మచ్చకు ఏమీ తెలియదు. బీరువా సర్దుతుంటే చర్మం డాక్టరు చీటీ దొరికింది. మామూలు మచ్చేనట, భయం లేదట. దాని మీది తేదీ నాలుగేళ్ల కిందటిది, నేను మొదటిసారి స్కేలు పెట్టిన మర్నాటిది.