సార్ పేరు మీద ఎర్ర టేపు

మా సార్ పోయారని ఆదివారం పొద్దున బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటట. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు.

నిజామాబాద్‌లో మేడమీది ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సార్ నాకు ప్రోగ్రామింగ్ నేర్పారు. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేవారు. ఏ పాఠానికైనా ఆయన ఉదాహరణ చెరుకుబండే. ఒక ఫైల్లో చెరుకుబండి అని రాసి దాని బరువు చెప్పేవారు. ఇంకో ఫైల్లో మళ్లీ చెరుకుబండి అనే రాసి దాని నంబరు చెప్పేవారు. మేం నేర్చుకున్న కంప్యూటర్ భాషలో ఒకే పేరును అలా రెండుచోట్ల ప్రకటిస్తే రెండూ కలిసి ఒక్కటవుతాయి. చిక్కల్లా అక్కడే. వాటిలో ఒకదానికి 'ఇది పాతబడింది, వాడకండి' అని హెచ్చరిక తగిలిస్తే, తెర మీద ఆ ఒక్కదానికే అడ్డగీత పడాలి. కానీ ఒకచోట మంచిదానికి కూడా పడేది. ఇంకోచోట పాతదాని మీదే పడేది కాదు.

సార్‌కు ఒళ్లు మండిపోయేది. "గీత కొట్టేముందు ఎవని మీద కొడ్తున్నవో సూడాలె గద బిడ్డా!" అని బల్ల చరిచేవారు. ఆ భాష తయారుచేసేవాళ్లకు ఉదాహరణతో సహా రాశారు. చిన్న విషయం, తర్వాత చూస్తామని జవాబొచ్చింది. "చిన్నదట! తప్పు హెచ్చరికలే సూసి సూసి, అసలుది వచ్చిననాడు ఎవడు నమ్ముతడు?" అన్నారు.

పోయిన ఎండాకాలం ఇన్‌స్టిట్యూట్‌లో పాత డీటీపీ కోర్సు ఎత్తేశారు. గేటు దగ్గరి ఫ్లెక్సీలో సార్ ఫొటో, పేరు ఒక్కసారే ఉండేవి. వాటి కింద డీటీపీ, ప్రోగ్రామింగ్ రెండూ. కొత్త ఫ్లెక్సీ వేయించడానికి ఓనర్‌కు చేతులు రావు, ఏది ఎత్తేసినా దాని మీద ఎర్ర టేపు అతికిస్తాడు. ఈసారి డీటీపీ చెప్పేది సారే కదా అని టేపు తెచ్చి సార్ పేరు మీదే వేశాడు.

అడ్మిషన్‌కు వచ్చినవాళ్లు ఆ గీత చూసి, సార్ మానేశారనుకుని పక్క ఇన్‌స్టిట్యూట్‌కు పోయారు. సార్ ఖాళీ బెంచీల ముందు చాక్‌పీసు పట్టుకుని కూర్చునేవారు. టేపు తీయమని అడిగితే "చిన్న ముచ్చట సార్, తీపిస్త తియ్యి" అనేవాడు ఓనర్. తీపించలేదు. చివరికి బ్యాచ్ నిండడం లేదని సార్‌నే రావద్దన్నాడు.

"మీరే పీకెయ్యకపోయిన్రా సార్?" అని ఫోన్‌లో అరిచాను.

"అతికిచ్చినోడే తియ్యాలె బిడ్డా. నేను పనికొస్తనని నేనే చెప్పుకోవాల్నా?"

ఆ మొండితనం మీద కూడా నాకు కోపమే. అయినా ఈరోజు నేను తింటున్న అన్నం ఆ మొండి మనిషి నేర్పిన చదువుదే.

దినాలకు బోధన్ వెళ్లి వస్తూ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఆగాను. గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. సార్ ఫొటో ఇంత పెద్దది, పేరు మెరిసే అక్షరాల్లో, కింద 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అని. టేపు లేదు. ఆయన చనిపోయారన్న ముక్క కూడా లేదు.

"సార్ లేరని తెల్వదా మీకు? గిదేంది?" అని పైకెక్కి ఓనర్‌ను నిలదీశాను.

"సార్ పేరు సూసే వస్తరమ్మా జనం," అన్నాడు, సిగ్గూ శరమూ లేకుండా.

నోటికొచ్చినట్టు తిట్టి మెట్లు దిగాను. కింద, నవీపేట్ బస్సు దిగి వచ్చిన తల్లీకూతుళ్లు ఫ్లెక్సీ ముందు నిలబడి ఉన్నారు. తల్లి సార్ ఫొటో మీద వేలు పెట్టి కూతురికి చూపిస్తోంది.

"గీ సారే బిడ్డా. మంచిగ చెప్తడట."