హార్బర్ విన్న గొణుగుడు

ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్స్‌లో ఒక మనిషిని విన్నవాడికి, ఆ మనిషి పెళ్లానికి తెలియనివి కూడా తెలుస్తాయి. మా ఆర్కెస్ట్రా గాయకుడంటే అందరికీ తేనె. పాట అవగానే మైకు నడుము దగ్గరికి దించి, కీబోర్డు వాయించేవాడితో గొణిగేది మాత్రం సౌండు చూసే నా ఒక్కడి చెవిన పడేది. ఉక్కునగరంలో కచేరీ అయితే అక్కడివాళ్ల పిసినారితనం, మా ఫిషింగ్ హార్బర్‌లో అయితే మా కంపు. మా నాన్న ఆ రేవులోనే వలలు బాగుచేసి నన్ను పెంచాడు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

హార్బర్‌లో అమ్మవారి ఉత్సవ కమిటీకి పెద్ద మా అక్క మొగుడే. ఆయనకు చెప్పాను.

“అంత తియ్యగా పాడీవోడు అలాగంటాడేటి? నీకు కుళ్లు, బావ” అని నవ్వేశాడు.

నావాళ్లే నన్ను నమ్మలేదు. సంగతి గాయకుడికీ చేరింది. తర్వాతి కచేరీలో, సౌండు చూసేవాడికి చెవుడని మైకులోనే అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేను మర్చిపోలేదు.

నా సౌండు మిక్సర్‌లో కంప్రెసర్ పెద్ద గొంతును అణుస్తుంది. అణిచాక మొత్తం సౌండు పెంచితే చిన్న గొంతు పైకి లేస్తుంది. లిమిటర్ గీత గీస్తుంది, ఎంత అరిచినా దాటనివ్వదు. కూరలో ఉప్పులా వాడాల్సినవి అవి. అమ్మవారి పండగ సాయంత్రం నేను గుప్పిళ్లతో వేశాను.

పాటల్లో కాదు. పాటలు బాగానే వినిపించాను. మా దగ్గర గాయకుడికి శాలువాతోపాటు ఆనాటి వేటలో పెద్ద వంజరాన్ని చేతికిస్తారు. ఆ సమయానికి స్పీకర్లు కీచుమని కూత పెట్టకుండా మిగతా మైకులన్నీ మూసి, అతని మైకు నాబ్‌లు తిప్పాను.

చేప అందుకుని, మైకు దించి, పక్కకు తిరిగాడు.

“ఈ ఎదవల కంపు వదలాలంటే రెండు సబ్బులు అరగాలి.”

ఐసు ఫ్యాక్టరీ దాకా వినపడింది. శాలువా కప్పబోతున్న బావ చేతులు ఆగిపోయాయి.

“ఏటన్నావు బాబూ? ఇంకోపాలి సెప్పు.”

గాయకుడు మైకెత్తి, ఇదంతా సౌండువాడి కుట్ర అని గొంతు చించుకున్నాడు. గొణుగుడు ఎంత వినపడిందో అరుపూ అంతే వినపడింది, గీత దాటలేదు. ముందు వరసలో ఒకావిడ నవ్వింది, తర్వాత అందరూ అందుకున్నారు. బావ శాలువా మడిచి చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“సౌండు కట్టీ బావ, సిగ్గుగా ఉంది” అన్నాడు.

“ఇంకాసేపు ఇను బావ. నాకు కుళ్లు కదా.”

గాయకుడు మైకు కింద పడేసి దిగిపోయేదాకా నేను ఆపలేదు.