చిన్నాయన బెల్‌బాటమ్... ఒక సగం పాట

మా చిన్నప్పుడు... తార్నాకలో సాయంత్రం ఐదైతే మా క్వార్టర్స్ మెట్ల మీద గిటార్ మోగేది. వాయించేది మా చిన్నాయన సుందర్. నాన్న తమ్ముడు. మా నాన్న యూనివర్సిటీ ల్యాబ్‌లో అటెండర్, చిన్నాయన అదే యూనివర్సిటీలో ఎమ్మే స్టూడెంటు. అరవై ఏడో, అరవై ఎనిమిదో... నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయి.

గిటార్ చర్చిలో నేర్చుకున్నాడు. ముగ్గురు దోస్తులను పోగేసి ఒక బృందం పెట్టాడు. రెండు గిటార్లు, ఒక బాంగో, ఒక మౌత్ ఆర్గన్. అప్పట్లో క్యాంపస్‌లో ఇంగ్లీషు పాట పాడితే చప్పట్లు, సినిమా పాట పాడితే ఈలలు. చిన్నాయన ఆ రెండూ వదిలేసి సొంతంగా పాట కట్టాడు. అదీ మేం ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో...

"వాన వెలిసినంక రావే... రోడ్డు మీద ఆకాశం పడ్డది... తొక్కకుండ రావే..."

వింటుంటే నాకు నిజంగానే తడి రోడ్డు మీద నడవాలంటే భయమేసేది. యూనివర్సిటీ చెట్ల కింద నీళ్ళు నిలిస్తే పక్కనుంచి పోయేదాన్ని. ఎందుకో ఇప్పటికీ అంతే.

హాస్టల్ డే వస్తోంది. బృందానికి స్టేజీ మీద పది నిమిషాలు ఇచ్చారు. పాట ఉంటే సరిపోదు, డ్రెస్సు ఉండాలి కదా... చిన్నాయన ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఫారిన్ పత్రికలో కింద వెడల్పుగా పరుచుకున్న ప్యాంట్లు చూశాడు. మా దగ్గర అందరివీ కాళ్ళకు అతుక్కుపోయే గొట్టం ప్యాంట్లే. దర్జీకి బొమ్మ చూపిస్తే, "ఇది ప్యాంటా, లంగానా సాబ్?" అని నవ్వి పంపేశాడట.

ఇక దిక్కు మా అమ్మే. అమ్మకు చదువు రాదు కానీ, చేతిలో కత్తెర ఉంటే ఎవరి మాటా వినదు. పక్కింటివాళ్ళ కుర్తాలకు కలీలు వేసి కుట్టేది... అడుగున వెడల్పు రావడానికి వేసే మూడుమూలల ముక్కలు.

"కుర్తాకు ఏస్తే ప్యాంటుకు ఎందుకు ఏయరాదు? తే ఇటు" అంది.

"ఒక్కసారి వదినా... మన మాటల పాట అందరికి మొత్తం వినిపియ్యాలె. నవ్వితే నవ్వనీ. ఒక్కసారి సాలు" అన్నాడు చిన్నాయన. ఆ గొంతు నాకు బాగా గుర్తు.

చిన్నాయన గొట్టం ప్యాంటుకు మోకాలి కింద కుట్టు విప్పి, తన పాత మెరూన్ సాటిన్ లంగా చింపి కలీలు వేసింది. అయితే సాటిన్ నిలబడదు, జారిపోతుంది. కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ, బక్రం, ఇంట్లో లేదు. "ఏదన్న దళసరి కాయితం తే బిడ్డా" అంది నాతో.

మా ఇంట్లో దళసరి కాగితమంటే పాత క్యాలెండరే. నెల మారగానే చింపి దాచుకుని బడి పుస్తకాలకు అట్టలేసేవాళ్ళం. వెనక వైపు తెల్లగా ఉంటే నేను లెక్కలు చేసుకునేదాన్ని. బల్ల మీద మంచుకొండల బొమ్మ ఒకటి కనిపిస్తే పరుగున తెచ్చి ఇచ్చాను. తిప్పి చూడలేదు. అమ్మకు రాత కనిపించినా నా లెక్కలే అనుకుని ఉంటుంది. పట్టీలుగా కత్తిరించి, అంచు మడతలో పెట్టి కుట్టేసింది.

హాస్టల్ డే సాయంత్రం చిన్నాయన స్టేజీ మీదికి నడిచొస్తుంటే... అబ్బ, ఏం చెప్పను. లైట్లకు మెరూన్ సాటిన్ మెరుస్తోంది. అడుగు వేస్తే సర్‌మని చప్పుడు. పచ్చిక మీద అమ్మ పక్కన కూర్చుని గర్వంతో ఊపిరి బిగపట్టాను.

మొదటి చరణం అయింది. గిటార్ మోగింది. రెండో చరణం దగ్గర ఆగిపోయాడు... జేబులు తడుముకున్నాడు. రోజుకో మాట మార్చి, చివరికి కుదిరిన చరణం ఒక కాగితం మీద రాసుకున్నాడట. పొద్దుటి నుంచి అది దొరకలేదట. మార్చిన మాటలన్నీ కలగలిసిపోయి ఒక్కటీ నోటికి రాలేదు. మొదటి చరణమే మళ్ళీ పాడాడు. వెనక నుంచి ఎవరో "సినిమా పాట పాడు భాయ్" అని అరిచారు. అందరూ నవ్వారు.

రెండు రోజుల తర్వాత అమ్మ ఆ ప్యాంటు నానబెట్టింది. బకెట్‌లో నీళ్ళు సిరా నీలంగా మారాయి. అంచు విప్పితే గుజ్జయిన కాగితం... ఒక్క ముక్క మీద "రావే" అన్న మాట మిగిలి ఉంది. చిన్నాయన రాత.

"ఏందే, గట్ల నిలవడ్డవ్?" అంది అమ్మ.

"ఏం లేదు" అన్నాను. ఆ ముక్కను గుప్పిట్లో నలిపేశాను. పరీక్షలొచ్చాయి, బృందం చెదిరిపోయింది. చిన్నాయన మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. నేను ఎవరికీ చెప్పలేదు.

యాభై ఏళ్ళు దాటాక, అమ్మ కూడా చనిపోయాక, పోయిన నెల తార్నాకలో ఆయన ఇంట్లో చాయ్ తాగుతూ చెప్పేశాను. ఆయన కప్పు కింద పెట్టాడు.

"గా సర్ సర్ చప్పుడు గదేనా... నేను సాటిన్‌ది అనుకున్న" అన్నాడు. కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మీ అమ్మకు తెల్వకుండనే పోయింది గద... మంచిదే" అన్నాడు.

తర్వాత మెల్లగా పాట ఎత్తుకున్నాడు. గొంతు సన్నబడింది, రాగం మాత్రం అలాగే ఉంది. మొదటి చరణం అయిపోయింది... అప్పట్లాగే ఆగిపోయి జేబు తడుముకున్నాడు. ఇద్దరం నవ్వాం. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు తార్నాకలో వాన వెలిస్తే రోడ్డు మీద ఆకాశం పడటానికి చోటే లేదు... అన్నీ బండ్లే.

ఆ రోజుల్లో మా క్వార్టర్స్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... సాయంత్రాలు మెట్ల మీద ఒకతను రెండో చరణం పాడుతుంటే మీ చెవిన పడిందా? ఒక్క మాట గుర్తున్నా కింద రాయండి. చిన్నాయనకు చదివి వినిపిస్తాను.