పొగ వాసన సీసా

మా కరీంనగర్ దిక్కున మా వాళ్లలో సంబంధం ఖాయం కావాలంటే మాట ఒక్కటే సరిపోదు. రెండు వైపుల పెద్దలు ఒకచోట కూర్చుని, ఒకే సీసాలోని మందు పోసుకుని తాగాలి. అప్పటిదాకా ఎవరైనా వెనక్కి పోవచ్చు. నేను ఏరికోరి చేసుకుంటానన్న అబ్బాయిది ఆసిఫాబాద్ పక్కన పల్లె. అంత దూరపు సంబంధానికి బాపును ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ రోజు కోసం బాపు బీరువాలో ఒక స్కాచ్ సీసా దాచాడు. దుబాయిలో పనిచేసే మా మేనమామ సెలవుకు వస్తూ విమానాశ్రయంలో కొన్నది. ఇచ్చేటప్పుడే మామ దాని సంగతి చెప్పాడు. స్కాట్లాండ్ పక్కన ఒక దీవిలో చేస్తారట. అక్కడ చెట్లు తక్కువ, పొయ్యిలోకి కట్టె దొరకదు. బురదనేలలో మొక్కలు కుళ్లి పేరుకున్న నల్లమట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. ఆ పొగ మీదే బార్లీ గింజలు ఆరతాయి. ఆ వాసన సీసా దాకా వస్తుంది. బాపు వింటే కదా. స్కాచ్ అన్న మాట చెవిన పడగానే, వాడకట్టులో ముందుగా ఎవరికి చెప్పాలా అన్న ఆలోచనలో పడిపోయాడు.

అబ్బాయి వాళ్లు ఒక ఆదివారం వచ్చారు. బాపు అందరూ చూస్తుండగా సీలు తీసి గ్లాసుల్లో పోశాడు. అబ్బాయి పెద్దనాన్న గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

“గిదేంది బావా, దవాఖాన వాసనొస్తుంది? కాలిన గుడ్డ లెక్క ఉన్నది.”

బాపు కూడా వాసన చూశాడు. మొహం మాడిపోయింది. మన దుకాణాల్లో విస్కీ పేరుతో అమ్మేది చాలావరకు చెరకు మడ్డి నుంచి తీసిందేనని నాకు తర్వాత తెలిసింది. ఆ తియ్యటి వాసన లేనిది విస్కీయే కాదని బాపు నమ్మకం. ఆయన నాలుకకూ ఒక ఊరుంది మరి. మన సీసా ఆ దీవి వాళ్ల ముందు పెడితే వాళ్లూ ముక్కు చిట్లిస్తారేమో.

“డూప్లికేటు,” అన్నాడు బాపు నెమ్మదిగా. “మా బామ్మర్దిని ఎవడో మోసం జేసిండు.”

ఉన్నమాట చెబితే మర్యాద నిలుస్తుందనుకున్నాడు పాపం. పెద్దనాన్న గ్లాసు కింద పెట్టి కండువా భుజాన వేసుకున్నాడు.

“డూప్లికేటు మందు వోసి పిల్లనిస్తరా? మాకు గింతే విలువనా? లేవుండ్రి, పోదాం.”

వంటింటి గుమ్మంలో గంటె పట్టుకుని నిలబడ్డాను. అబ్బాయి తల దించుకుని కూర్చున్నాడు. ఒక్క మాట అంటే తన సొమ్మేం పోయేది? ఆ కోపం నాకిప్పటికీ పూర్తిగా తీరలేదు. నా పెళ్లి నా కళ్ల ముందే లేచి చెప్పులేసుకోబోతోంది. భయం వేసింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ముందు ఒళ్లు మండింది. గంటె పక్కన పడేసి వెళ్లి, పెద్దనాన్న వదిలేసిన గ్లాసు ఎత్తి సగం తాగేశాను. గొంతు భగ్గుమంది.

“డూప్లికేటు గాదు. ఆళ్ల దగ్గర కట్టెల్లేవు, మట్టి గాలుస్తరు. గా మట్టి పొగనే ఇది. నాకేమన్న అయితే అప్పుడు పోండ్రి,” అన్నాను.

కాబోయే పెళ్లికూతురు పెద్దల ముందు మందు తాగింది. బాపు గోడవైపు తిరిగాడు. చాప మీద కూర్చున్న అబ్బాయి తల్లి చెయ్యి చాపింది.

“ఇటియ్యి బిడ్డా.” గ్లాసు తీసుకుని తీరిగ్గా వాసన చూసింది. “మా తల్లిగారింట్ల ఇప్పపువ్వు సారకు గూడ గిట్లనే పొగ వడుతుండె. వానకాలం తడికట్టె పెడితే ఇంకింత ఎక్కువ. బయటోళ్లకు నచ్చకపోతుండె. మాకు గదే రుచి.”

ఊళ్లో ఏది పుష్కలంగా ఉంటే అక్కడి తిండికి దాని రుచే వస్తుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ దీవికి ఆ రుచి కట్టెలు లేకపోవడం వల్ల వచ్చింది. ఈమె ఊరికి అడవి తడవడం వల్ల వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ ఏది తిన్నా, తాగినా, ఈ ఊళ్లో ఏం దొరకదో అని ఆలోచించడం నాకు అలవాటైంది.

ఆమె గ్లాసు నోటి దగ్గరికి తీసుకెళ్తుంటే పెద్దనాన్న అడ్డుపడ్డాడు.

“గది ఆ పిల్ల ఎంగిలి.”

“మనింటి పిల్ల ఎంగిలే గద బావా,” అని ఆమె మిగిలిన సగం తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది.

పెద్దనాన్న కండువా తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. నా చేతిలోని గ్లాసు అడిగి తీసుకుని, పొయ్యమన్నట్టు బాపు ముందుకు జరిపాడు.