దాచుకున్న దగ్గు

డబ్బింగ్ చెప్పేవాళ్లకు కథ తెలియనక్కర్లేదు. ఫిల్మ్ నగర్‌లో ఇరవై ఆరేళ్లుగా తల్లులకు, అత్తలకు, పక్కింటి పిన్నులకు గొంతు ఇస్తున్నాను. థియేటర్‌లోకి వెళ్తాను, తెర మీద నా ముక్క వేస్తారు, పెదవులకు అతికేలా చెప్పి బయటికి వస్తాను. ఆ తల్లి ఎందుకు ఏడుస్తోందో నేను అడగను, వాళ్లు చెప్పరు. సినిమా విడుదలయ్యాక తెలుస్తుంది, అదీ చూస్తే.

నిరుడు మెడ పక్కన గడ్డ లేచి, దాన్ని కోసి పరీక్షకు పంపి, లింఫోమా అనే క్యాన్సరని తేల్చినప్పుడు కూడా నేను అలాగే ఉన్నాను. మా ఆయన సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసి మానుకున్న మనిషి. షూటింగ్‌లో ఏ ఉపద్రవం వచ్చినా హీరో చెవిన పడకుండా సర్దేయడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే మొదలుపెట్టారు. డాక్టరమ్మ గదిలోకి ముందు తనొక్కరే వెళ్లి మాట్లాడి వచ్చేవారు. ఫైలు బీరువాలో దుప్పట్ల కింద దాచేవారు. నాతో మాత్రం చిన్నదేనని, మందులతో పోతుందని చెప్పేవారు. నేను తలూపేదాన్ని.

రెండోసారి మందు ఎక్కించుకోవడానికి వెళ్లినప్పుడు ఒక జూనియర్ డాక్టరు ఫారం నింపుతూ, మీది లింఫోమాలో ఏ రకం, ఎన్నో దశ అని నన్ను అడిగింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నోరు తెరవబోతే ఆ పిల్ల కలం ఆపి, జబ్బు మీకా ఆవిడకా అంది. ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, నా మీద. కూరల బండి దగ్గర వంకాయ పుచ్చో మంచిదో నాలుగుసార్లు తిప్పి చూసే మనిషిని, నా ఒంట్లో ఉన్నదాని పేరు తెలుసుకోకుండా రెండుసార్లు చెయ్యి చాపి కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఫైలు ఇమ్మన్నాను. చదివితే బెంగపడతావని ఆయన నసిగారు.

"పడితే నేను పడతాను. నా వంతు బెంగ కూడా మీరే పడితే నాకేం మిగులుతుంది?" అన్నాను.

ఆయన ఫైలు తెచ్చి మంచం మీద పెట్టి, బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు అక్కడే కూర్చున్నారు. హాడ్జ్‌కిన్ రకం, రెండో దశ. ఆ రెండు ముక్కలు చదవడానికి నాకు మూడు నెలలు పట్టింది. భయం వేసింది, కాదనను. కానీ ఊరూ పేరూ లేని భయం కంటే ఇది నయమనిపించింది.

ఆ తర్వాత నాకు పట్టుదల పట్టుకుంది. ఫోన్లో దొరికిందల్లా చదివాను. మోతీనగర్‌లో మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకరు గోధుమగడ్డి రసమంటే, ఇంకొకరు గోమూత్రమన్నారు. అవన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ చిరాకు పడింది. ఫోన్లో చదివినవి తన దగ్గరికి తేవద్దంది. "అయితే ఏది చదవాలో మీరే చెప్పండి మేడం. అడగందే అమ్మయినా పెట్టదు" అన్నాను. ఆవిడ కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసి, సొరుగులోంచి ఒక చిన్న పుస్తకం తీసిచ్చింది. నాకెక్కిస్తున్న నాలుగు మందుల గురించి రోగుల కోసం తెలుగులో రాసింది. వచ్చిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు అడగొచ్చని కూడా ఒప్పుకుంది. నేను ఐదు అడిగేదాన్ని.

ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చేసింది. ఏ మందు గుండెను చూసుకోవాలంటుందో, ఏది వేళ్లకు తిమ్మిరి తెస్తుందో గడగడా చెప్పగలను. వాటిలో ఒకటి ఊపిరితిత్తులను దెబ్బ తీయవచ్చు. పొడి దగ్గు గాని ఆయాసం గాని వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలని అందులో ఉంది. పక్క కుర్చీలో మందెక్కించుకునే ఆవిడకు కూడా ఆ పేజీ చదివి వినిపించాను. తెల్ల కణాలు తగ్గని వారాల్లో డాక్టరమ్మను అడిగి, మాస్కు పెట్టుకుని డబ్బింగుకు కూడా వెళ్లేదాన్ని. జుట్టు పోయినా మైకుకు కనబడదు. నాలుగు డోసులయ్యాక తీసిన స్కాన్‌లో గడ్డలన్నీ చల్లారాయి. మా ఆయన నన్ను చూసి నవ్వుతూ, నీకు తెల్లకోటు ఒక్కటే తక్కువన్నారు.

అలాంటిదాన్ని, దగ్గు వస్తే చెప్పలేదు.

ఇది మా పనిలో ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. మైకు ముందు దగ్గితే టేకు పోతుంది. రెండుసార్లు దగ్గితే, ఈవిడకు వయసైపోయిందన్న మాట సాయంత్రానికి షేక్‌పేట దాకా పాకుతుంది. మర్నాటి నుంచి ఫోను మోగదు. అందుకే దగ్గును మింగడం మాకు మొదటి పాఠం. బుగ్గన లవంగం పెట్టుకుని, కడుపు బిగబట్టి, కళ్లలో నీళ్లొచ్చినా గొంతు కదలకుండా నిలబడతాం. ఇరవై ఆరేళ్లు అలా మింగినదాన్ని, ఐదో డోసు తర్వాత డాక్టరమ్మ "దగ్గేమైనా ఉందా?" అని అడిగితే, ఆలోచించకుండానే లేదన్నాను. ఆరో డోసుకూ అదే అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. నిజం చెప్తే మందు ఆపేస్తారేమో, ఆపితే గడ్డ తిరగబెడుతుందేమోనన్న భయం కూడా ఉంది. తెలుసుకోవడం నేర్చుకున్నాను గాని, తెలియజెప్పడం నాకు రాలేదు.

ఏడో డోసు సోమవారం. దానికి ముందు గురువారం ఒక తల్లి పాత్రకు వెళ్లాను. కొడుకును పేరు పెట్టి గుక్క తిప్పుకోకుండా పిలవాలి. ఒకే ఊపిరిలో అనేయగల ముక్క. సగంలోనే ఊపిరి తెగింది. నాలుగు టేకులూ అంతే. సౌండ్ ఇంజనీరు, పన్నెండేళ్లుగా నా గొంతు రికార్డు చేస్తున్న తమ్ముడిలాంటివాడు, అద్దం అవతల నుంచి లేచి లోపలికి వచ్చాడు. తలుపు మూసి నా పక్కన కూర్చున్నాడు.

"కోపం తెచ్చుకోకక్కా. నెల రోజుల సంది నీ ఊపిరి మారింది. డైలాగ్ నడుమ నడుమ దగ్గు పడుతుంది. నేనే కోసి తీసేస్తున్న. బయట తెలిస్తే నిన్ను పిలువరని."

దాచానని నేననుకున్నాను. దాచింది ఇతను. నా మేలు కోరే దాచాడు, మా ఆయన లాగే. తిట్టాలనిపించింది, తిట్టడానికి మొహం చెల్లలేదు. కోయని ట్రాకులు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. వినిపించమంటే వద్దక్కా అన్నాడు. వినిపించమన్నాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మొదటి రోజుది మామూలుగానే ఉంది. వారానికి మాటల మధ్య చిన్న పొడి దగ్గు. పది రోజులకు మాటకు మాటకు నడుమ గాలి వెతుక్కోవడం వినబడింది. చివరిదానిలో ఎవరో ముసలామె ఉంది. అది నేనే. ఒక్కొక్క ట్రాకు తేదీ చూసి వరసగా రాసుకున్నాను. అతను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ రికార్డింగు వేరే ఆవిడతో చేయించుకోమని, కారణం ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పమని చెప్పి లేచాను.

సోమవారం దాకా ఆగలేదు. శుక్రవారం పొద్దున్నే మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్లి తేదీల కాగితం డాక్టరమ్మ ముందు పెట్టాను. "మీకు రెండుసార్లు అబద్ధం చెప్పాను మేడం. దగ్గు ఈ తేదీ నుంచి ఉంది" అన్నాను. ఆవిడ మందలించలేదు. కాగితం రెండుసార్లు చదివి, అప్పటికప్పుడు ఛాతీ స్కాన్‌కు, గొట్టంలోకి ఊదించే ఊపిరి పరీక్షకు పంపింది. మధ్యాహ్నానికి ఫలితాలొచ్చాయి. ఊపిరితిత్తుల అడుగున మరకలు మొదలయ్యాయి. ఆ ఒక్క మందు ఇక ఎక్కించనంది. ముందటి స్కాన్‌లో గడ్డలు చల్లారాయి కాబట్టి మిగతా మూడింటితో కొనసాగించవచ్చంది. మరకలు తగ్గడానికి మాత్రలు రాసింది. రాస్తూ రాస్తూ, "సోమవారం గనక ఇది ఎక్కించేసి ఉంటే..." అని, మా ఆయన మొహం చూసి ఆగిపోయింది.

ఆయన కుర్చీలోంచి లేచి, అవన్నీ ఇప్పుడెందుకులెండి మేడం అంటున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"పూర్తిగా చెప్పండి మేడం," అన్నాను. "ఇద్దరం వింటాం."